ఎవరూ అడగని యాంప్లిఫయర్లు

పవర్ బటన్ నొక్కాక మూడు నాలుగు సెకన్లు ఏమీ వినపడదు. ఆ తర్వాత లోపల రిలే, అంటే స్పీకర్లను కలిపే స్విచ్చు, టక్కుమంటుంది, అప్పుడు పాట మొదలవుతుంది. 1970ల చివర్లో వచ్చిన జపాన్ యాంప్లిఫయర్లు విన్నవాళ్లకు ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలోనే ఉంటుంది. సన్నటి గీతలు దువ్వినట్టుండే అల్యూమినియం ముఖం, తిప్పితే నిదానంగా కదిలే వాల్యూమ్ నాబ్, మెట్టు మెట్టుకీ ఆగే బాస్, ట్రెబుల్ కంట్రోళ్లు, మసక పసుపు వెలుగులో ఊగే మీటరు ముల్లు, రెండు చేతులా పట్టుకుంటే గానీ లేవని బరువు. అప్పట్లో అందరి నోళ్లలో నానిన పేర్లు కొన్ని ఉన్నాయి. ఇప్పుడు పాత సామాన్లలో ఆ పేర్లకే గిరాకీ. అదే కాలంలో, అంతే శ్రద్ధగా తయారై, పేరు నిలవక మరుగున పడినవి చాలా ఉన్నాయి. తక్కువ ఖర్చులో మంచి శబ్దం కావాలనుకునేవాళ్లు తలచుకోవాల్సింది వాటినే.

ఆ పెట్టెలు అంత బరువుండటానికి ఒక కారణం చట్టం. 1974కి ముందు వాట్ల లెక్క ఎవరిష్టం వాళ్లది. ఒక్క చానెల్ మాత్రం నడిపి, క్షణకాలం వచ్చిన శక్తిని కొలిచి, దాన్నే అట్టపెట్టె మీద పెద్ద అంకెల్లో వేసేవాళ్లు. 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీనికి నిబంధన తెచ్చింది. ఎన్ని ఓమ్‌ల లోడు (స్పీకర్ కరెంటుకు చూపే అడ్డు) మీద, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా, ఎంత డిస్టార్షన్‌తో (శబ్దంలో వచ్చే వికృతితో) అన్నది వాట్ల పక్కనే చెప్పాలి. కొలిచే ముందు గంటసేపు మూడో వంతు పవర్ మీద నడిపి వేడెక్కించాలి. క్లాస్ ఏబీ అనే మామూలు రకం యాంప్లిఫయర్‌లో ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పూర్తి పవర్ దగ్గర కంటే ఆ మూడో వంతు చుట్టుపక్కలే ఎక్కువ వేడెక్కుతాయి. గంటసేపు ఆ వేడికి తట్టుకోవాలంటే వేడిని బయటికి వదిలే లోహపు దిమ్మ (హీట్‌సింక్) పెద్దది పెట్టక తప్పదు, ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుమూ రాగీ తగ్గించడానికి వీల్లేదు. ఆ మార్కెట్‌కి సరుకు పంపాలనుకున్న ప్రతి కంపెనీ అదే దారికి రావలసి వచ్చింది. అందుకే ఆ పదేళ్లలో వచ్చిన రెండో వరస బ్రాండ్లలో కూడా లోపలి సరుకు గట్టిది.

షార్ప్ వాళ్ల ఆప్టోనికా, తోషిబా వాళ్ల ఆరెక్స్, సాన్యో వాళ్ల ఓటో, మిత్సుబిషి వాళ్ల డయాటోన్, జపాన్‌లో హిటాచీ వాడుకున్న లో-డి. టీవీలూ ఫ్రిజ్‌లూ చేసే పెద్ద కంపెనీలు ఆడియో కోసం విడిగా పెట్టుకున్న పేర్లివి. వీటిలో చాలామటుకు ట్రాన్సిస్టర్లు తామే తయారు చేసుకునేవి. మంచి భాగం ఫ్యాక్టరీలోనే దొరికేటప్పుడు పొదుపు చేయాల్సిన అవసరం తక్కువ. కెన్‌వుడ్ యాంప్లిఫయర్లు కొన్ని దేశాల్లో ట్రియో పేరుతో అమ్ముడయ్యేవి. లోపల అదే బోర్డు, అదే ట్రాన్స్‌ఫార్మర్. కెన్‌వుడ్ అని వెతికేవాళ్లు ఎక్కువ, ట్రియో అని వెతికేవాళ్లు తక్కువ. నిక్కో, రోటెల్ లాంటి చిన్న కంపెనీల 30, 40 వాట్ల ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్లు (కంట్రోళ్లూ పవర్ భాగమూ ఒకే పెట్టెలో ఉన్నవి) కూడా ఈ కోవలోవే. ఇంగ్లండ్ వైపు చూస్తే, 1976లో వచ్చిన ఏ అండ్ ఆర్ కేంబ్రిడ్జ్ ఏ 60 చూడ్డానికి సాదా పెట్టె. ఆ కంపెనీయే తర్వాత ఆర్కామ్ అయింది. ఆర్కామ్ పేరు తెలిసినవాళ్లలో ఏ 60ని గుర్తుపట్టేవాళ్లు కొద్దిమందే.

హిటాచీ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1970ల చివర్లో వాళ్లు లాటరల్ మాస్‌ఫెట్‌లు అనే ఒక రకం ట్రాన్సిస్టర్లతో హెచ్‌ఎంఏ 7500 పవర్ యాంప్లిఫయర్ తెచ్చారు. మామూలు ట్రాన్సిస్టర్ వేడెక్కేకొద్దీ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటుకి ఇంకా వేడెక్కుతుంది, అదుపు తప్పితే కాలిపోతుంది. లాటరల్ మాస్‌ఫెట్ దీనికి తిరగబడి పనిచేస్తుంది. సుమారు 100 మిల్లీ ఆంపియర్లు దాటాక వేడి పెరిగితే కరెంటు దానంతటదే తగ్గుతుంది. అందుకే వాటితో కట్టిన యాంప్లిఫయర్లు దశాబ్దాలు గడిచినా బతికున్నాయి. హిటాచీ 2ఎస్‌కే134, 2ఎస్‌జే49 మాస్‌ఫెట్ల జతతో వచ్చిన హాఫ్లర్ డీహెచ్ 200 యాంప్లిఫయర్ కిట్‌గా కూడా దొరికేది, కొన్నవాళ్లే ఇంట్లో కూర్చుని టంకం పెట్టుకునేవాళ్లు. అలాంటిది కనిపిస్తే ముందు టంకాల నాణ్యత చూడండి, ఎందుకంటే ఒక్కో కిట్టుది ఒక్కో చెయ్యి. వీటిలో మాస్‌ఫెట్ పోతే ఐఆర్‌ఎఫ్ రకం మామూలు మాస్‌ఫెట్ తెచ్చి పెట్టకూడదు. కాళ్ల వరస వేరు, తెరుచుకోవడానికి గేటుకి (దాన్ని అదుపు చేసే కాలుకి) కావలసిన వోల్టేజీ కూడా చాలా ఎక్కువ. లాటరల్ రకమే కొత్తగా తయారు చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అదే వెతకాలి.

ఇప్పుడు అందరికీ తెలిసిన ఎన్‌ఏడీ 3020 కూడా 1978లో వచ్చినప్పుడు కొత్త పేరే. చానెల్‌కి 20 వాట్లు, బూడిదరంగు ప్లాస్టిక్ ముఖం, మీటర్ల బదులు నాలుగైదు చిన్న దీపాలు. దాన్ని డిజైన్ చేసిన ఎరిక్ ఎడ్వర్డ్‌సెన్ ముఖానికి పెట్టాల్సిన ఖర్చంతా లోపల పెట్టాడు. ఔట్‌పుట్‌లో 2ఎన్3055, ఎంజే2955 జత. ప్రపంచమంతా దొరికే సాదా ట్రాన్సిస్టర్లు అవి. కానీ తక్కువ ఓమ్‌ల స్పీకర్ ఒక్కసారిగా కరెంటు అడిగితే ఇచ్చేలా సర్క్యూట్ కట్టాడు. పాటలో హఠాత్తుగా వచ్చే దెబ్బలకు 20 వాట్ల యాంప్లిఫయర్ దాదాపు రెట్టింపు శక్తి అందించేది. 80 వాట్లని రాసుకున్న మెరుపు ముఖాల పక్కన పెట్టి వింటే ఇదే నిబ్బరంగా ఉండేది. దీన్ని తైవాన్‌లో తయారు చేసిన ఫులెట్ అనే కంపెనీ తర్వాత ప్రోటాన్ అనే సొంత బ్రాండు నడిపింది. ఆ ఫ్యాక్టరీ పనితనమే కావాలి, 3020కి ఇప్పుడున్న ధర వద్దు అనుకుంటే ప్రోటాన్ డీ 540 లాంటివి చూడాలి. అందులో మామూలు వేళ తక్కువ వోల్టేజీ, అవసరం పడ్డ క్షణంలో ఎక్కువ వోల్టేజీ అందించే ఏర్పాటు ఉంది. రాసింది 40 వాట్లే అయినా క్షణకాలం దానికి కొన్ని రెట్లు ఇస్తుంది.

వాట్ల గురించి ఒక లెక్క. 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ 1 వాట్‌కి 1 మీటరు దూరంలో 87 డెసిబెల్స్ శబ్దం ఇస్తుంది. శక్తి రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్ పెరుగుతుంది. అంటే 16 వాట్లకు 99. ఇంట్లో కాస్త గట్టిగా వినడమంటే సగటున 75 నుంచి 80, తబలా దెబ్బ, డ్రమ్ము దెబ్బ లాంటివి దానికంటే 15, 20 డెసిబెల్స్ పైకి పోతాయి. మామూలు గదిలో 20 నుంచి 40 నిజమైన వాట్లుంటే సరిపోతుంది. 20 వాట్ల నుంచి 200 వాట్లకు పోతే దక్కేది 10 డెసిబెల్స్, చెవికి సుమారు రెండింతలు. చిన్న యాంప్లిఫయర్లను ఎవరూ అడగకపోవడానికి కారణం ఈ లెక్క తెలియకపోవడమే. అన్నిటికంటే చవగ్గా దొరికేవీ అవే.

రాసిన వాట్లు నిజమో కాదో మూత తీస్తే తెలిసిపోతుంది. పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు (కరెంటుని నిల్వ చేసే డబ్బాలు) రెండుంటాయి, వాటి మీద వోల్టేజీ రాసి ఉంటుంది. 50 వోల్టులని ఉంటే లోపలి సప్లై సుమారు ప్లస్ మైనస్ 40 వోల్టులు అనుకోవచ్చు. లోడు పడ్డాక అది 35కి దిగుతుంది, ట్రాన్సిస్టర్ల దగ్గర ఇంకో 4 వోల్టులు పోతాయి. మిగిలిన 31ని 31తో గుణించి 16తో (8 ఓమ్‌లకు రెట్టింపుతో) భాగిస్తే 60. 8 ఓమ్‌ల మీద 60 వాట్లన్నమాట. సర్క్యూట్ తెలియకపోయినా ఈ అంచనా పెద్దగా తప్పదు. ఇక ట్రాన్స్‌ఫార్మర్. రెండు చానెళ్లూ 50 వాట్ల చొప్పున ఆగకుండా ఇవ్వాలంటే గోడ నుంచి 170 వాట్ల దాకా లాగాలి. వెనక పలక మీద రాసిన విద్యుత్ వాడకం అంతకంటే బాగా తక్కువుంటే అనుమానించాలి. అయితే కొన్ని దేశాల నిబంధనల ప్రకారం ఆ అంకె ఎనిమిదో వంతు పవర్ దగ్గర కొలిచింది కావచ్చు. కాబట్టి ఆ ఒక్క అంకెతో తీర్పు చెప్పకుండా బరువు కూడా చూడాలి. చానెల్‌కి 40 వాట్లున్న నిజమైన పాత యాంప్లిఫయర్ 7, 8 కిలోలు తూగుతుంది.

ఔట్‌పుట్‌లో విడి ట్రాన్సిస్టర్లున్నాయా, పవర్ సర్క్యూట్ అంతా ఒకే ముక్కలో ఉండే సాన్యో ఎస్‌టీకే మాడ్యూల్ ఉందా అన్నది కూడా మూత తీసినప్పుడే చూడాలి. ఎస్‌టీకేతో వచ్చినవన్నీ తక్కువ రకం కావు. బాగా కుదిరిన ఎస్‌టీకే యాంప్లిఫయర్ తీయగా పాడుతుంది, 1980లలో లక్షల ఇళ్లలో మోగింది అదే. చిక్కంతా అది కాలిపోయాక. అసలు మాడ్యూల్ తయారీ ఆగిపోయింది, అదే నంబరుతో నకిలీలు వస్తున్నాయి. నకిలీ మాడ్యూల్ లోపలి చిప్పులు చిన్నవి. సగం వాల్యూమ్ దాకా బాగానే ఉండి, గట్టిగా పెట్టిన మొదటి రోజే పోతాయి, పోతూ స్పీకర్లను కూడా తీసుకుపోవచ్చు. విడి ట్రాన్సిస్టర్లతో కట్టినదైతే ఎప్పుడైనా బాగుచేసుకోవచ్చు. రెండూ ఒకే ధరకు వస్తుంటే విడి ట్రాన్సిస్టర్లదే తీసుకోమని గట్టిగా చెబుతాను.

పాత యాంప్లిఫయర్ ఇంటికి రాగానే గోడ సాకెట్‌లో పెట్టేయకూడదు. ముందు వెనక పలక మీద వోల్టేజీ చూడాలి. జపాన్ దేశీయ మోడళ్లు 100 వోల్టులవి. వాటిని 230 వోల్టుల లైన్‌కి తగిలిస్తే ఒక్క సెకనులో పోతాయి. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ యాంప్లిఫయర్ వాడకానికి కనీసం ఒకటిన్నర రెట్లు సామర్థ్యమున్నది. ఎగుమతి మోడళ్లలో చాలావాటికి వెనక వోల్టేజీ మార్చే స్విచ్చో ప్లగ్గో ఉంటుంది. అమ్మినవాడి మాట మీద వదలకుండా అది సరైన చోట ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి.

తర్వాత సిరీస్ బల్బు. 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బుని ఫేజ్ వైరుకి సిరీస్‌గా పెట్టి, దాని ద్వారా యాంప్లిఫయర్‌కి కరెంటివ్వాలి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు, ఫిలమెంటే కావాలి. స్పీకర్లు తగిలించకూడదు. ఆన్ చేయగానే బల్బు ఒక్కసారి వెలిగి, కెపాసిటర్లు నిండేకొద్దీ మసకబారితే మంచిదే. వెలుగుతూనే ఉంటే లోపల ఏదో షార్ట్ ఉంది: ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ కావచ్చు, బ్రిడ్జి డయోడ్ కావచ్చు. అప్పుడు ఆపేసి, ఫిల్టర్ కెపాసిటర్లను 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో ఒక నిమిషం పట్టి ఖాళీ చేయాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు. 10,000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఇచ్చే నిప్పురవ్వకు డ్రైవర్ మొనా కరుగుతుంది, కెపాసిటర్ లోపలి అతుకూ చెడుతుంది. ఆ తర్వాత మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి ఒక్కో ట్రాన్సిస్టర్ చూడాలి.

బల్బు పరీక్ష నెగ్గితే స్పీకర్ టెర్మినళ్ల మీద డీసీ (అక్కడ ఉండకూడని ఒకే దిశ వోల్టేజీ) కొలవాలి. వాల్యూమ్ సున్నా, ఇన్‌పుట్ ఖాళీ. 20 మిల్లీవోల్టుల లోపుంటే చాలా బాగుంది, 50 దాకా ఫరవాలేదు. 100 దాటితే కారణం వెతకాలి. ఎక్కువసార్లు మొదటి డిఫరెన్షియల్ జతలో (ఇన్‌పుట్ దగ్గర జంటగా పనిచేసే రెండు ట్రాన్సిస్టర్లలో) ఒక ట్రాన్సిస్టర్ పాడై ఉంటుంది, లేదా సర్దుబాటు చేసే ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న కంట్రోల్) అరిగి ఉంటుంది. పాత జపాన్ బోర్డుల్లో 2ఎస్‌సీ458 లాంటి చిన్న ట్రాన్సిస్టర్లు వయసు మీరి సర్రుమనే శబ్దం, పటపటలు పుట్టిస్తాయి. వాల్యూమ్ తగ్గించినా ఆ శబ్దం తగ్గకపోతే దోషం వాల్యూమ్ కంట్రోల్ తర్వాతి భాగంలో ఉన్నట్టు.

బయాస్ (పాట లేనప్పుడు కూడా ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు) సంగతి ఇంకొంచెం ఓపికది. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల పక్కన తెల్లటి సిమెంటు రెసిస్టర్లుంటాయి, సాధారణంగా 0.22 ఓమ్‌లవో 0.47 ఓమ్‌లవో. వాటి రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు కొలవాలి. 0.22 మీద 10 మిల్లీవోల్టులుంటే 45 మిల్లీ ఆంపియర్లు పారుతున్నట్టు. ఏ మోడల్‌కి ఎంతుండాలో సర్వీస్ మాన్యువల్ చెబుతుంది, దాన్నే నమ్మాలి. కొలిచేటప్పుడు సిరీస్ బల్బు తీసేసి, పావుగంట వేడెక్కాక చూడాలి. తక్కువైతే చిన్న శబ్దాల దగ్గర గరుకుదనం వస్తుంది, ఎక్కువైతే హీట్‌సింక్ ఊరికే కాలుతుంది. ప్రీసెట్‌ను ముట్టుకునే ముందు దాని స్థానం గుర్తు పెట్టుకోండి. 40 ఏళ్ల కార్బన్ ప్రీసెట్ తిప్పేటప్పుడు క్షణం తెగిపోతే, కొన్ని సర్క్యూట్లలో బయాస్ ఆకాశానికి ఎక్కి ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు అక్కడికక్కడే పోతాయి. కొత్త సెర్మెట్ మల్టీటర్న్ ప్రీసెట్ వేసి, తక్కువ బయాస్ వైపు నుంచి మెల్లగా పైకి తేవడం క్షేమం. ఆ కాలపు సాన్‌సుయీ లాంటి వాటిలో బయాస్ కోసం వీడీ1212 అనే చిన్న భాగం వాడేవాళ్లు. దాని లోపల అతుకు వదిలేసినా ఫలితం ఇదే. రెండు మామూలు సిలికాన్ డయోడ్లను సిరీస్‌గా పెడితే ఆ పని చేస్తాయి, కానీ మార్చాక బయాస్ మళ్లీ సరిచేయాలి.

అదే రోజుల్లో పెద్ద కెపాసిటర్లు కదలకుండా బోర్డు మీద ఒక జిగురు పోసేవాళ్లు. కొత్తప్పుడు లేత పసుపు, ఏళ్ల వేడికి ముదురు గోధుమరంగు. ఆ దశకు వచ్చాక అది తేమ పీల్చి కరెంటుని పారనిస్తుంది, పక్కనున్న డయోడ్ల కాళ్లను తినేస్తుంది. కారణం అంతుబట్టని పటపటలకు, ఊగిసలాడే డీసీకి చాలాసార్లు ఇదే మూలం. చెక్క పుల్లతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కింద నల్లబడిన కాళ్లున్న భాగాలన్నీ మార్చాలి. యూరప్ యాంప్లిఫయర్లలో ఇలాంటిదే మరోటి: పవర్ స్విచ్చు దగ్గర పారదర్శకంగా ఉండే కాగితపు ఎక్స్ కెపాసిటర్ (కరెంటు లైన్ల మధ్య పెట్టేది). దాని పైపూతకు సన్నటి బీటలు కనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా తీసేసి ఎక్స్2 తరగతి ఫిల్మ్ కెపాసిటర్ వేయాలి. లేదంటే ఏదో ఒక రోజు ఇల్లంతా పొగ.

కెపాసిటర్లన్నీ మూకుమ్మడిగా మార్చేయడం ఇప్పుడొక అలవాటైంది. నాకు అది నచ్చదు. పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు ఉబ్బకుండా, కారకుండా, హమ్ లేకుండా ఉంటే ఇంకా కొన్నేళ్లు నడుస్తాయి. ముందుగా ఎండిపోయేవి వేడి రెసిస్టర్లకూ రెగ్యులేటర్లకూ ఆనుకుని ఉన్న చిన్న ఎలక్ట్రోలైటిక్‌లు. వాటిని ఒక్కొక్కటే, ధ్రువాలు చూసుకుంటూ, 105 డిగ్రీల రకంతో, అదే వోల్టేజీ లేదా ఒక మెట్టు ఎక్కువతో మార్చాలి. నాలుగు మార్చి ఒకసారి ఆన్ చేసి చూడాలి. నలభై మార్చాక తప్పు వెతకడం నరకం.

ఒక చానెల్ శబ్దం సన్నబడి, వాల్యూమ్ పెంచగానే ఠక్కున తిరిగి వస్తోందంటే అది దాదాపుగా రిలే. దాని కాంటాక్టుల మీద నల్లటి పొర పడుతుంది, చిన్న సిగ్నల్ దాన్ని దాటలేదు. పైమూత తీసి, కాంటాక్ట్ క్లీనర్‌లో తడిపిన మందపాటి కాగితం ముక్కను కాంటాక్టుల మధ్య పెట్టి లాగితే కొన్నాళ్లు బాగుంటుంది. గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి, పైపూత పోయి మళ్లీ త్వరగా నల్లబడుతుంది. అసలు మందు కొత్త రిలే. కాయిల్ వోల్టేజీ, కాళ్ల అమరిక సరిపోవాలి, ఎక్కువగా 24 వోల్టులుంటుంది. కొందరు రిలే తీసేసి నేరుగా కలిపేస్తారు. అలాంటి యాంప్లిఫయర్ కొనొద్దు. ఔట్‌పుట్ షార్ట్ అయిన రోజు 40 వోల్టుల డీసీ తిన్నగా స్పీకర్ కాయిల్‌లోకి పోతుంది. వాల్యూమ్ కంట్రోల్ గరగరలకు కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు వేసి ఇరవై ముప్పై సార్లు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పితే చాలు. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కొట్టకండి, జిడ్డు మిగిలి దుమ్ము పట్టుకుంటుంది.

ఎన్‌ఏడీ 3020 తరహా యాంప్లిఫయర్ల వెనక ప్రీ ఔట్ (కంట్రోల్ భాగం నుంచి వచ్చేది), మెయిన్ ఇన్ (పవర్ భాగంలోకి వెళ్లేది) సాకెట్లను కలుపుతూ ఇంగ్లీషు యూ ఆకారంలో చిన్న లోహపు కడ్డీలుంటాయి. అవి పోయి ఉంటే యాంప్లిఫయర్ ఆన్ అవుతుంది గానీ శబ్దం రాదు, పాడైందని అగ్గువకు అమ్మేస్తారు. రెండు పొట్టి ఆర్‌సీఏ వైర్లతో అది మళ్లీ పాడుతుంది. అలాగే టేప్ మానిటర్ బటన్ నొక్కి ఉండిపోవడం, స్పీకర్ బీ మీద స్విచ్చు ఉండటం. మూగబోయిందన్న యాంప్లిఫయర్‌కి ముందు ఇవి చూడాలి.

పాత యాంప్లిఫయర్‌ని ఇప్పటి పరికరాలతో కలిపినప్పుడు ఇంకో ఇబ్బంది వస్తుంది. ఆ రోజుల్లో ట్యూనర్, ఆక్స్, టేప్ ఇన్‌పుట్లకు 150 మిల్లీవోల్టులిస్తే పూర్తి పవర్ వచ్చేది. సీడీ ప్లేయర్, ఇప్పటి డాక్ (డిజిటల్ పాటను మామూలు సిగ్నల్‌గా మార్చే పెట్టె) ఇచ్చేది 2 వోల్టులు. నాబ్ పావు వంతు తిప్పేసరికే చెవులు పగిలిపోతాయి, ఆ అడుగుభాగంలో కంట్రోల్ రెండు ట్రాకులూ సమానంగా ఉండవు కాబట్టి పాట ఒక పక్కకు లాగుతుంది. నేరం యాంప్లిఫయర్‌ది కాదు. ఒక్కో చానెల్‌కి సిగ్నల్ దారిలో 10 కిలో ఓమ్‌లు, ఆ తర్వాత సిగ్నల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 4.7 కిలో ఓమ్‌లు పెడితే 10 డెసిబెల్స్ పైచిలుకు తగ్గుతుంది, నాబ్ నడిమికి వస్తుంది. ఈ రెండు రెసిస్టర్లూ ఆర్‌సీఏ ప్లగ్గులోనే పడతాయి. ఫోనో అని రాసిన ఇన్‌పుట్ ఖాళీగా ఉంది కదా అని దానికి మాత్రం తగిలించకండి. అది 2.5 మిల్లీవోల్టుల రికార్డ్ ప్లేయర్ కార్ట్‌రిడ్జ్ కోసం, లోపల బాస్ పెంచి ట్రెబుల్ తగ్గించే ఆర్‌ఐఏఏ సవరణ ఉంటుంది. శబ్దం పగిలి, బాస్ ఉప్పెనలా వస్తుంది.

వేదికల కోసం చేసిన ప్రొఫెషనల్ యాంప్లిఫయర్లు వాట్ల లెక్కన చవకే. కానీ ఫ్యాన్ మోత, పూర్తి పవర్‌కి సుమారు 1 వోల్టు పైన అడిగే ఇన్‌పుట్, నిశ్శబ్దంలో వినపడే సర్రుమనే శబ్దం. హాలుకి సరే, పడగ్గదికి వద్దు.

వాటికంటే మంచి బేరం ఒకటుంది, దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు: హెచ్‌డీఎంఐ రాకముందరి సరౌండ్ రిసీవర్లు. 2000కి అటూ ఇటూ వచ్చిన మధ్యతరగతి మోడళ్లు 10, 12 కిలోలు తూగేవి. కొత్త టీవీకి కలవవు గనక అమ్మేవాళ్లకు అవి అడ్డం. కానీ మనకు కావలసింది రెండు చానెళ్లే. ఐదు చానెళ్లకూ కలిపి పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్, హీట్‌సింక్ రెండింటికే పనిచేస్తాయి గనక ఆ రెండూ హాయిగా ఊపిరి పీల్చుకుంటాయి. డైరెక్ట్ మోడ్ గానీ, మల్టీ చానెల్ అనలాగ్ ఇన్‌పుట్ గానీ ఉన్నది చూసుకోవాలి. అప్పుడు సిగ్నల్ డిజిటల్ ప్రాసెసర్‌లోకి పోకుండా నేరుగా వాల్యూమ్ ఐసీకి, అక్కణ్నుంచి పవర్ భాగానికి వెళ్తుంది. లోపల దుమ్ము ఊదేయడం, టీవీ అరలో మూసి ఉంచితే వేడికి ఎండిన చిన్న కెపాసిటర్లు చూసుకోవడం తప్పనిసరి.

1999లో 47 ల్యాబ్స్ వాళ్ల గెయిన్‌కార్డ్ యాంప్లిఫయర్ వచ్చినప్పుడు పెద్ద దుమారమే లేచింది. లోపల చూస్తే చానెల్‌కి ఒక్క ఎల్‌ఎం 3875 చిప్, తొమ్మిదో పదో భాగాలు, 1,000 మైక్రోఫారడ్‌ల చిన్న కెపాసిటర్లు. అప్పటి నుంచి అదే దారిలో ఇళ్లలో కట్టుకున్న యాంప్లిఫయర్లకు లెక్కలేదు. అదే తరహా ఎల్‌ఎం 3886 చిప్‌తో కట్టేవాళ్లు గుర్తుంచుకోవలసినవి కొన్ని. 18-0-18 ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ప్లస్ మైనస్ 25 వోల్టులొస్తుంది, 4 ఓమ్‌ల స్పీకర్‌కి కూడా భయం లేదు. రెండు చానెళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం 160 నుంచి 200 వీఏ ఉండాలి. 8వ కాలు మ్యూట్. దాన్నుంచి నెగెటివ్ సప్లై వైపు కనీసం అర మిల్లీ ఆంపియర్ లాగకపోతే చిప్ నోరు విప్పదు. గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరగాలన్నది) 10 కంటే తగ్గిస్తే ఆసిలేట్ అవుతుంది, అంటే తనంతట తానే ఊగుతుంది. టీ రకం చిప్ లోహపు వీపు నెగెటివ్ సప్లైకి కలిసి ఉంటుంది, కాబట్టి మైకా (కరెంటు పారనివ్వని పలుచని పలక) లేకుండా హీట్‌సింక్‌కి బిగిస్తే షార్ట్. టీఎఫ్ రకానికి ఆ బాధ లేదు. చిప్ కాళ్ల పక్కనే 100 నానోఫారడ్, దాని వెంట 100 మైక్రోఫారడ్ పెట్టాలి.

తర్వాత కొన్నేళ్లకు సోనిక్ ఇంపాక్ట్ టీ-ఆంప్ వచ్చింది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా, ఎనిమిది పెన్ టార్చ్ సెల్స్‌తో నడిచేది, లోపల ట్రైపాత్ టీఏ2024 చిప్. 4 ఓమ్‌ల మీద శుభ్రంగా ఇచ్చేది 9 వాట్లు. 15 అని రాసేది 10 శాతం డిస్టార్షన్ దగ్గర కొలిచింది. సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్‌కి తగిలిస్తే ఆ 9 వాట్లలో గొంతులు అంత స్పష్టంగా వినపడటం చూసి ఎందరో ఆశ్చర్యపోయారు. 2007లో ట్రైపాత్ కంపెనీ దివాలా తీసింది. ఆ చిప్ ఉన్న చిన్న పెట్టెలు ఇప్పటికీ మూలల్లో దొరుకుతాయి. 13.2 వోల్టులు దాటిన అడాప్టర్ తగిలించకపోతే చాలాకాలం నిలుస్తాయి.

ఇప్పుడు ఆ స్థానం టీపీఏ3116, టీపీఏ3255 చిప్పులది. వీటిలో మోసమంతా అడాప్టర్ దగ్గరే. 3116 పెట్టె మీద 50 వాట్లని ఉంటుంది, అది 21 వోల్టుల సప్లైతో, 4 ఓమ్‌ల మీద. పెట్టెతో పాటు 12 వోల్టుల అడాప్టర్ ఇచ్చారనుకోండి, 8 ఓమ్‌ల స్పీకర్‌కి అందేది 8 వాట్లు. 24 వోల్టులు, 4 లేదా 5 ఆంపియర్ల అడాప్టర్ మారిస్తే అదే పెట్టె 30 వాట్ల దాకా ఇస్తుంది. చిప్ గరిష్ఠ హద్దు 26 వోల్టులు గనక 24 దాటొద్దు. బోర్డు మీది కెపాసిటర్లు 25 వోల్టులవైతే వాటిని ముందు 35వి చేయాలి. వీటి స్పీకర్ నెగెటివ్ టెర్మినల్ గ్రౌండ్ కాదు. ఎడమ కుడి నెగెటివ్‌లు రెండూ కలిపినా, కామన్ గ్రౌండ్ ఉన్న హెడ్‌ఫోన్ బాక్స్ గానీ, ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్ గానీ దానికి తగిలించినా చిప్ పోవచ్చు. పాత పెట్టెల్లోంచి వీటికి మారేవాళ్లు మొదట చేసే పొరపాటు ఇదే, ఎందుకంటే నలభై ఏళ్లుగా ఆ నల్ల టెర్మినల్ గ్రౌండే.